ఇల్లు అమ్మి చూడు
నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అనుమతుల చరిత్ర

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. ఆ రెండూ చేసి, ఉద్యోగ విరమణ కూడా పొందిన మన సభ్యులు ఇప్పుడు దానికి మూడో మాట కలుపుతున్నారు, 'ఇల్లు అమ్మి చూడు' అని. సంఘం నెలవారీ సమావేశాలకు వచ్చేవారు ఒకప్పుడు కరువు భత్యం బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ అడిగేవారు. ఈ మధ్య వాటితో సమానంగా వినిపిస్తున్న ప్రశ్న ఇంటి కాగితాలది. పిల్లలు హైదరాబాదులోనో, ఇంకా దూరానో స్థిరపడ్డారు. పెద్ద ఇల్లు ఊడ్చుకునే ఓపిక లేదు. అమ్మి పిల్లల దగ్గరికి పోదామంటే 'ఆ అనుమతి ఏది, ఈ ప్లాను ఏది' అని అడుగుతున్నారు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గ మిత్రులు కోరినప్పుడు అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను 1978లో పంచాయతీ శాఖలో గుమాస్తాగా చేరి, ఈ రెండు జిల్లాల్లోనూ పనిచేసి, 2010లో విస్తరణాధికారిగా విరమించాను. ఇళ్లకు నంబర్లు వేయించడం, ఇంటి పన్ను డిమాండు రిజిస్టర్లు సరిచూడడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఇల్లు అమ్మేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఎవరో ఒక అధికారి పుట్టించినవి కావు. మన ప్రాంతంలో పాలన మారినప్పుడల్లా ఒక కొత్త అనుమతి వచ్చి చేరింది. పాతదాని లెక్క తేల్చకుండానే కొత్తది వచ్చింది. ఇంట్లో కాపురం ఉన్నన్నాళ్లు వీటిని ఎవరూ అడగరు. అమ్మే రోజున మాత్రం అన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పవలసి వస్తుంది.

పొలానికి నంబరు, ఇంటికి హద్దులు

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు 1865లో జిలాబందీ జరిగి నిజాం రాజ్యానికి జిల్లాల పాలన వచ్చింది. తర్వాత సర్వే, సెటిల్‌మెంట్లు జరిగాయి. 1317 ఫస్లీలో, అంటే 1907లో, హైదరాబాద్ భూమి శిస్తు చట్టం వచ్చింది. వీటన్నిటి ఉద్దేశం శిస్తు వసూలు. అందుచేత పొలానికి సర్వే నంబరు పడింది, పట్టేదారు పేరు పడింది, సేత్వార్ తయారైంది. ఊరు కూర్చున్న జాగాను మాత్రం ఒక్క ముక్కగా చుట్టి 'ఆబాదీ' అని వదిలేశారు. దాన్నే మనం గ్రామకంఠం అంటాం. ఇంటి జాగాకు శిస్తు లేదు కనుక అందులో ఎవరి ఇల్లు ఎన్ని గజాలో రాసుకోవలసిన అవసరం సర్కారుకు రాలేదు. నేటి సగం తలనొప్పులకు మూలం ఇక్కడే ఉంది.

పాలమూరు సంగతి ఇంకొంచెం చిక్కు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద పాలమూరు మహబూబ్‌నగర్ అయింది కాని, జిల్లా అంతా ఒకే పాలన కింద లేదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఉండేవి. రెండు జిల్లాల్లోనూ జాగీర్లు, మక్తాలు ఉండేవి. ఎవరి దఫ్తరం వారిది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగాక ఆ రికార్డులను సర్కారు తీసుకుంది. అవి చాలావరకు ఉర్దూలో ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ పాత కాగితమైనా చదివించుకోవాలంటే ఉర్దూ వచ్చిన వృద్ధ గుమాస్తా కోసం వెతికేవాళ్లం.

ఆ రోజుల్లో ఊళ్లో మిద్దె అమ్మడమంటే నలుగురు పెద్దల ముందర తెల్లకాగితం మీద రాయించుకోవడమే. పట్వారీయో, రాత వచ్చిన ఇంకొకరో రాసేవారు. తూర్పున ఫలానావారి దొడ్డి, పడమట బాట, ఉత్తరాన చింతచెట్టు, దక్షిణాన ఫలానావారి గోడ అని చెక్కుబందీ వేసేవారు. అమ్మినవారి వేలిముద్ర, సాక్షుల సంతకాలు. దాన్నే సాదా బైనామా అన్నారు. చింతచెట్టు పోయింది, దొడ్డి నాలుగు ముక్కలైంది, సాక్షులు కాలం చేశారు. కాగితం మాత్రం ట్రంకుపెట్టె అడుగున మిగిలింది.

1951 ఏప్రిల్ 1 నుంచి భారత రిజిస్ట్రేషన్ చట్టం, ఆస్తి బదిలీ చట్టం హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించాయి. నూరు రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలన్న నియమం ఆస్తి బదిలీ చట్టంలోదే. నియమం వచ్చింది కాని ఊళ్లలో అలవాటు వెంటనే మారలేదు. నా సర్వీసులో 1980ల దాకా తెల్లకాగితం మీద అమ్ముడుపోయిన ఇళ్లను చూశాను.

తహసీలుదారు ఇజాజత్

అమ్మడానికి సర్కారు అనుమతి కావాలన్నది లేఅవుట్లతో పుట్టిన సంగతి కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టంలో 47వ సెక్షను ఉండేది. తహసీలుదారు ముందస్తు మంజూరు లేకుండా వ్యవసాయ భూమిని శాశ్వతంగా అన్యాక్రాంతం చేయకూడదని దాని సారాంశం. కౌలుదారు నోరు కొట్టి భూమి చేతులు మారకుండా చూడడం దాని ఉద్దేశం. తెలంగాణ సాయుధ పోరాటం జరిగిన నల్లగొండ గడ్డ మీద ఆ ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. 1969లో సవరణ చట్టం ఆ సెక్షనును తీసేసింది. మధ్యలో జరిగిన సాదా అమ్మకాలను ధ్రువీకరించడానికి 50-బీ సెక్షను కింద సర్టిఫికెట్లు ఇచ్చారు.

అది పొలం సంగతి కదా, ఇంటికేమిటి అని మీరు అడగవచ్చు. పట్టణాల అంచున ఆ కాలంలో చేతులు మారిన చెలకలే తర్వాత కాలనీలు అయ్యాయి. ఈనాడు బ్యాంకు వకీలు మీ ఇంటి కాగితాలు చూస్తూ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్తాడు. 1960ల అమ్మకం దగ్గర ఆగి 'మంజూరు ఉందా, 50-బీ ఉందా' అంటాడు. కొన్నవాడూ లేడు, అమ్మినవాడూ లేడు. జవాబు చెప్పవలసింది మీరు.

పంచాయతీ, మునిసిపాలిటీ

పట్టణాలకు 1951లోనూ, మళ్లీ 1956లోనూ హైదరాబాద్ రాష్ట్రంలో మునిసిపల్ చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1964లో గ్రామ పంచాయతీల చట్టం, 1965లో మునిసిపాలిటీల చట్టం రాష్ట్రమంతటికీ ఒకటయ్యాయి. ఇంటి నంబరు, ఇంటి పన్ను, కట్టడానికి అనుమతి అన్న మూడు మాటలు మన ఇళ్లలో మామూలు మాటలైనది ఈ చట్టాలతోనే. 1994లో పంచాయతీరాజ్ చట్టం, 2018లో తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2019లో తెలంగాణ మునిసిపాలిటీల చట్టం వీటి స్థానంలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇంటి పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. పన్ను రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. మేం రిజిస్టరు రాసేటప్పుడు ఇంట్లో కాపురం ఎవరిదో వారి పేరు రాసేవాళ్లం, పన్ను రావాలి కనుక. తండ్రి పోయి ఇరవై ఏళ్లయినా ఆయన పేరే సాగిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. పన్ను కడుతున్నారు కదా అని ఎవరూ మార్చుకోలేదు.

పట్వారీల వ్యవస్థ 1984 జనవరిలో రద్దయింది, 1985లో మండలాలు వచ్చాయి. రికార్డులు చేతులు మారే క్రమంలో ఎన్ని కాగితాలు చెదిరాయో ఆనాడు పనిచేసిన రెవెన్యూ మిత్రులకు తెలుసు. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ కూడా పోయింది. ఊరి జాగాల సంగతి నోటికి చెప్పగల మనిషి అలా రెండుసార్లు ఊరికి దూరమయ్యాడు.

ఊరి పక్క ప్లాట్లు

మన తరం ఉద్యోగులు 1975 తర్వాత పట్టణాల పక్కన ప్లాట్లు కొన్నారు. పీఎఫ్ అప్పు, చిట్టీ పాట, భార్య మెడలో గొలుసు, వీటితో రెండు వందల గజాలు. ఊళ్లో అందరూ దాన్ని 'పంచాయతీ లేఅవుట్' అనేవారు. సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర, రంగు పెన్సిలుతో గీసిన నక్షా ఉండేవి. అసలు నియమమేమిటంటే, పంచాయతీ లేఅవుటుకైనా పట్టణ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదం ఉండాలి, రోడ్లకూ ఖాళీ స్థలానికీ జాగా వదలాలి. చాలా లేఅవుట్లలో ఆ ఆమోదం లేదు. అయినా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్ట్రేషను జరిగింది, స్టాంపు సుంకం సర్కారుకు చేరింది, ఇంటి నంబరు వచ్చింది, కరెంటు వచ్చింది, నల్లా వచ్చింది. ఇన్ని ముద్రలు చూసిన ఉద్యోగి తన కాగితం పక్కా అనుకోవడంలో వింతేముంది?

పొలం ఇంటి జాగాగా మారిందన్న లెక్క ఇంకొకటి. 1963 చట్టం కింద వ్యవసాయేతర భూమికి నాలా పన్ను ఉండేది. 2006లో దాన్ని తీసేసి, వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి అనుమతి తీసుకోవాలన్న చట్టం పెట్టారు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను కొత్త రూపంలో వచ్చి, ఏ సర్వే నంబర్లలో రిజిస్ట్రేషన్లు చేయరాదో జాబితాలు తయారయ్యాయి. ప్రభుత్వ భూములు, అసైన్డు భూములు, దేవాదాయ భూములు అందులో చేరాయి. భూదాన భూములూ అంతే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు ఇవ్వడంతో మన నల్లగొండ జిల్లాలోనే ఆ ఉద్యమం పుట్టింది. అలా దానమిచ్చిన భూమిని అమ్మకూడదు. ఎవరైనా అమ్మజూపితే కొనకూడదు.

2007 డిసెంబరు 31న అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకూ, అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణకూ 902, 901 నంబర్ల జీవోలు వచ్చాయి. 2008లో హెచ్ఎండీఏ ఏర్పడి భువనగిరి, చౌటుప్పల్, కొత్తూరు వైపు ఊళ్లు దాని పరిధిలోకి పోయాయి. 2015 నవంబరులో మళ్లీ క్రమబద్ధీకరణ. 2016 అక్టోబరు 11న పాత జిల్లాలు విడిపోయాయి. 2018 ఆగస్టులో చౌటుప్పల్, చిట్యాల, భూత్పూర్, మక్తల్, కోస్గి, కొత్తకోట, పెబ్బేరు వంటి ఊళ్లు మునిసిపాలిటీలు అయ్యాయి. ఇల్లు ఉన్నచోటే ఉంది. దాని మీద అధికారం పంచాయతీ నుంచి పురపాలికకు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మారింది. 1988లో మీకు అనుమతి ఇచ్చిన పంచాయతీ ఇప్పుడు లేదు. దాని ఫైలు ఎక్కడుందో చెప్పేవారూ దొరకరు.

2020 నాటి మూడు నెలలు

2020 ఆగస్టు 26న అనుమతి లేని ప్లాట్లకు, కట్టడాలకు రిజిస్ట్రేషన్లు చేయరాదని ఉత్తర్వు వచ్చింది. ఆగస్టు 31న 131 నంబరు జీవోతో కొత్త క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసుకోవాలి. అక్టోబరు 31 దాకా రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఈలోగా సెప్టెంబరు 8 నుంచి రిజిస్ట్రేషన్లు మొత్తం ఆగాయి. ధరణి వచ్చాక నవంబరులో పొలాలకు మొదలయ్యాయి. ఇళ్లకు, ప్లాట్లకు డిసెంబరు 14 దాకా ఆగవలసి వచ్చింది. హైకోర్టులో వ్యాజ్యాలు నడిచి, ఇళ్ల విషయంలో డిసెంబరు నెలలోనే పాత పద్ధతికి తిరిగి వచ్చారు. డిసెంబరు 29న మరొక ఉత్తర్వుతో, అంతకు ముందే ఒకసారి రిజిస్టరు అయిన ప్లాట్లను మళ్లీ రిజిస్టరు చేయవచ్చన్నారు.

ఈ తారీఖుల మధ్య ఒక ఇల్లు ఎలా నలిగిందో చెబుతాను. పాలమూరు జిల్లాలో మన సభ్యుడొకరు 1986లో ప్లాటు కొని, 1991లో సర్పంచి అనుమతితో ఇల్లు కట్టారు. ఆయన 2017లో కాలం చేశారు. కుటుంబ పెన్షను మీద ఉన్న ఆయన భార్యకు 2020లో గుండె ఆపరేషను అవసరమైంది. ఇల్లు అమ్మకానికి పెట్టి బయానా తీసుకున్నారు. మూడు నెలల్లో రిజిస్ట్రేషను చేయాలని ఒప్పందం. ఆమె నా దగ్గరికి కాగితాల సంచి పట్టుకుని వచ్చారు.

ప్లాటు దస్తావేజు ఉంది. ఇంటి పన్ను ఇంకా భర్త పేరు మీదే ఉంది. తహసీలు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం రావాలి. కూతురు, కొడుకు ఇద్దరి సంతకాలు కావాలి. కట్టడం అనుమతి కాగితం మీద ముద్ర ఉంది కాని మంజూరైన ప్లాను లేదు. కొనేవారి బ్యాంకు ప్లాను లేనిదే అప్పు ఇవ్వనంది. స్థానిక కార్యాలయంలో అడిగితే, "పాత పంచాయతీ దఫ్తరం మాకు రాలేదు సార్, గా కాయితం మీరే తేవాలె" అన్నారు. అన్న కుర్రవాడి తప్పు కూడా లేదు. అతను ఉద్యోగంలో చేరే నాటికే ఆ పంచాయతీ లేదు.

ఇవి ఒక్కొక్కటీ కూర్చుకునేలోగా రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. గడువు దాటింది. కొనేవారు బయానా వాపసు అడిగారు. అందులో కొంత అప్పటికే మందులకు ఖర్చయింది. "సార్, ఆయన బతికున్నప్పుడు ఈ సంచి ఒక్కసారి విప్పి చూసుకున్నా బాగుండు. ఇది మా ఇల్లు కాదని ఎవలన్నా అంటున్నరా? కాయితం లేదనే అంటున్నరు" అని ఆమె అన్న మాట నాకు గుర్తుండిపోయింది. డిసెంబరు 29 ఉత్తర్వు తర్వాత 2021 ఫిబ్రవరిలో ఇంకొకరికి, తక్కువ ధరకు, అమ్మకం జరిగింది. ఆపరేషను నాలుగు నెలలు ఆలస్యంగా జరిగింది. ఆమె కోలుకుని కూతురి దగ్గర ఉన్నారు.

2020 నాటి దరఖాస్తులు ఏళ్ల తరబడి నిలిచాయి. 2025లో రుసుములో 25 శాతం రాయితీ ఇచ్చి వాటిని కదిలించారు. కొత్తగా కట్టేవారికి మాత్రం దారి సులువైంది. 2020 నవంబరులో వచ్చిన టీఎస్-బీపాస్ కింద 75 గజాల లోపు జాగాలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 2019 మునిసిపల్ చట్టంతో రిజిస్ట్రేషనుతో పాటే మ్యుటేషను జరిగే వీలు వచ్చింది. ఇవి మంచి మార్పులు. పాత ఇళ్లకు మాత్రం పాత కాగితాలే దిక్కు.

ఆబాదీ ఇళ్లు

పాత ఊళ్లో తాతల నాటి ఇంటికి దస్తావేజే ఉండదు. పంచాయతీ కార్యదర్శి ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం, పన్ను రసీదులే ఆధారం. కొన్నిచోట్ల ఆబాదీ మొత్తం ప్రభుత్వ భూమి లెక్కలో పడి, నిషేధ జాబితాలోకి చేరి, మూడు తరాలుగా ఉన్న ఇల్లు అమ్మరాకుండా అయింది. సాదా బైనామాల క్రమబద్ధీకరణ అని మనం విన్నది 1971 హక్కుల రికార్డు చట్టం కింద పొలాలకు ఇచ్చిన సౌకర్యం. ఇళ్లకు అది వర్తించలేదు. అలా పొలానికి దొరికిన మాఫీ ఇంటికి దొరకలేదు. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో ఆబాదీ జాగాలకు కూడా హక్కుల రికార్డు తయారుచేసే వీలు పెట్టారు. సర్వే, సెటిల్‌మెంట్ల నాడు వదిలేసిన లెక్క అది. అమలైతే ఊరి ఇంటికి మొదటిసారి సర్కారు పుస్తకంలో సొంత చోటు దొరుకుతుంది.

రిజిస్టరు అయ్యేది కాగితమే

ఇంకొక మూల విషయం చెప్పి ముగింపుకు వస్తాను. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే హక్కు వారిదే. ప్రభుత్వమే దానికి పూచీ. మన దేశపు 1908 చట్టం కింద రిజిస్టరు అయ్యేది దస్తావేజు. హక్కుకు పూచీ లేదు. అమ్మినవానికి హక్కు ఉన్నదా లేదా తేల్చుకోవలసింది కొనేవాడే. కనుకనే అతను అన్ని కాగితాలూ అడుగుతాడు. అతని వైపు నుంచి చూస్తే అది న్యాయమే. రేపు మన పిల్లలు కొనబోయినా అవే అడగాలి.

సభ్యులకు నాలుగు మాటలు

అమ్మే ఉద్దేశం లేకపోయినా, చేతనైనప్పుడే ఈ పనులు చేయండి. దస్తావేజుతో పాటు అంతకు ముందరి లింకు దస్తావేజులకు సర్టిఫైడ్ నకళ్లు తీయించండి. ఈసీ తీసుకుని చూసుకోండి. 1983 నుంచి వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో వెతికించాలి. దస్తావేజులో, పన్ను పుస్తకంలో, కరెంటు బిల్లులో, ఆధారులో పేరూ ఇంటిపేరూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో సరిచూడండి. తల్లిదండ్రుల పేరు మీద ఉన్న ఇంటిని వారసుల పేరుకు మార్పించండి. మంజూరు ప్లాను లేకపోతే ఉన్న అనుమతి కాగితాన్నే నకలు తీసి భద్రపరచండి. మీ సర్వే నంబరు నిషేధ జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూపించుకోండి. క్రమబద్ధీకరణకు రుసుము కట్టి ఉంటే ఆ రసీదు పోగొట్టుకోవద్దు. అన్నీ సమకూరాకే బయానా తీసుకోండి. ఒప్పందంలో గడువు రాసేటప్పుడు, ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల ఆలస్యమైతే గడువు పొడిగించాలన్న మాట కూడా రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ సంచి ఎక్కడుందో, అందులో ఏముందో ఇంట్లో ఆడవాళ్లకు చెప్పండి. పెన్షను పుస్తకం చూపించినట్టే ఇంటి కాగితాలూ ఒక్కొక్కటి విప్పి చూపించండి. మన సర్వీసంతా ఇతరుల ఫైళ్లు సరిచేయడంలో గడిచింది. ఇప్పుడు సొంత ఫైలు మీద ఒక నెల రోజులు కూర్చుంటే, మన తర్వాత ఉండేవారు కార్యాలయాల మెట్లెక్కే పని తగ్గుతుంది. ఈ విషయంలో సందేహాలున్న సభ్యులు నెలవారీ సమావేశానికి కాగితాల నకళ్లతో రావచ్చు. నాకు తెలిసినంత మేరకు చూసి చెప్పగలను.